సముద్రతీర విహారం – జఠరాగ్ని విచారం

సెలవు దొరికితే చాలు, ఒక కారు మాట్లాడుకుని సముద్రపు ఒడ్డు వెంట ఒక పగలంతా తిరిగి, దారిలో పేరుపడిన రుచులన్నీ చూసి రావడం ఈనాడు మధ్యతరగతి కుటుంబాలకు పెద్ద వేడుక అయినది. ఏ ఊరిలో ఏమి చూడవలెనన్న ప్రశ్న వెనుకబడి, ఏ మలుపులో ఏమి తినవలెనన్న ప్రశ్న ముందుకు వచ్చినది. ఇందులో తప్పు పట్టవలసినది ఏమీ లేదు. దేశం చూడడమంటే ఆ దేశపు అన్నం చూడడం కూడాను. అయితే ఈ విహారాలు ముగిసిన మరునాడు నా వద్దకు వచ్చేవారి సంఖ్య చూచిన తరువాత, ఈ విషయమై నాలుగు మాటలు వ్రాయవలెనని తోచినది.

వైద్యుడు కలం పట్టితే ‘అది తినకండి, ఇది తినకండి’ అన్న పట్టిక తప్ప వేరొకటి రాదని కొందరు పాఠకులు అనుకుంటారు. నేను అట్టి పట్టిక ఇవ్వబోవడం లేదు. ఆహారం విషయంలో మన శాస్త్రం ‘ఏమిటి’ అన్న ప్రశ్నతో ఆగిపోదు. చరక సంహిత విమానస్థానం మొదటి అధ్యాయంలో ఆహారాన్ని ఎనిమిది విధాలుగా విచారించవలెనని చెప్పబడి ఉన్నది. పదార్థపు స్వభావం, దానిని వండిన తీరు, దేనితో కలిపినారు, ఎంత తిన్నారు, ఏ దేశంలో తిన్నారు, ఏ కాలంలో తిన్నారు, ఏ నియమంతో తిన్నారు, తిన్నవాడు ఎవరు – ఇవీ ఆ ఎనిమిది. తీర విహారంలో మనవారు మొదటి ఒక్కదానిని మాత్రమే చూచి, మిగిలిన ఏడింటినీ ఇంటి వద్ద వదలి బయలుదేరుతున్నారు. చిక్కు అక్కడ ఉన్నది.

మన కళ్ళ ముందున్న తీరం

ఉదాహరణకు విశాఖపట్నం నుండి భీమునిపట్నం వరకు సాగే బీచి రోడ్డునే తీసుకుందాము. ముప్పై కిలోమీటర్లకు మించని ఈ దారికి ఒక ప్రక్క బంగాళాఖాతం, రెండవ ప్రక్క కొండలు. కైలాసగిరి, రుషికొండ, తొట్లకొండ, మంగమారిపేట, ఎర్రమట్టి దిబ్బలు, చివరకు గోస్తని నది సముద్రంలో కలిసే భీమిలి. అడ్డు లేకుండా పోతే గంట ప్రయాణం. ఈ గంట దారిలో ఉదయం ఫలహారం మొదలు చీకటి పడే వరకు తొమ్మిది పది చోట్ల ఆగి తినివచ్చే కుటుంబాలను నేను ఎరుగుదును. ఇడ్లీ, పెసరట్టు ఉప్మాతో ప్రారంభం. ఒక గంటకు కొబ్బరి బొండాలు. రుషికొండ దగ్గర మిరపకాయ బజ్జీలు. తరువాత కాల్చిన మొక్కజొన్న పొత్తులు, ముంజెలు. భీమిలిలో వంజరం వేపుడు, రొయ్యల కూరతో భోజనం. భోజనం మీద ఐస్ క్రీము. తిరుగు దారిలో మురీ మిక్చరు, మరల బజ్జీలు. ఇల్లు చేరిన తరువాత, దారిలో కొన్న మాడుగుల హల్వా.

వీటిలో ఏ ఒక్కటీ విషం కాదు. పెసరట్టు మీద అల్లం ముక్కలు వేసిన మన పూర్వులు తెలివితక్కువవారు కారు. మురమురాలు లఘువు, వాటికి నిమ్మరసం, ఉల్లి తోడైతే రుచి, దీపనం రెండూ కలవు. కొబ్బరి నీరు దాహాన్ని హరిస్తుంది. ముంజెలు చలువ. విడివిడిగా చూచినప్పుడు ఇవన్నీ మంచి పదార్థాలే. మొదట తిన్నది జీర్ణం కాకముందే రెండవది, రెండవది జీర్ణం కాకముందే మూడవది వేయడాన్ని శాస్త్రం ‘అధ్యశనం’ అన్నది. పొయ్యి మీద సగం ఉడికిన బియ్యంలో మరల పచ్చి బియ్యం పోసిన గృహిణి ఎవరైనా ఉన్నారా? ఎసట్లో చేయని పనిని పొట్టలో చేస్తున్నాము. సగం ఉడికినదీ, ఉడకనిదీ కలిసి ‘ఆమం’ అవుతుంది. మరునాటి తలనొప్పి, నాలుకపై తెల్లని పూత, కడుపుబ్బరం, ఒళ్ళు బరువు, నీళ్ళ విరేచనాలు దాని ఫలితాలే.

సొంత కారు ఇచ్చిన స్వేచ్ఛ

బస్సులో పోయేవాడు బస్సు ఆగినచోట తినక తప్పదు. మనకోసమే కారు మాట్లాడుకున్నవాడికి ఆ నిర్బంధం లేదు. ఆకలి అయినచోట ఆగవచ్చును, ఆకలి లేనిచోట ఆగక పోవచ్చును. ఈ ఒక్క సౌకర్యం కోసమే ఖర్చు పెట్టవలెను. కాని జరిగేది విపరీతంగా ఉన్నది. ముందుగానే ఒక జాబితా వ్రాసుకుంటారు. ఆ జాబితాలోని చోటు రాగానే, ఆకలి ఉన్నా లేకున్నా, ‘ఇంత దూరం వచ్చి ఇది తినకుండా పోతామా’ అంటూ దిగుతారు. అప్పుడు ప్రయాణాన్ని నడిపేది యజమాని కాదు, డ్రైవరు కాదు, కాగితం ముక్క.

వాగ్భటాచార్యుడు అష్టాంగహృదయం సూత్రస్థానంలో మాత్రను గురించి చెప్పిన అధ్యాయంలో, తిని త్రాగిన వెంటనే విడువవలసినవాటిని కొన్నింటిని పేర్కొన్నాడు. ఎండ, నిప్పుసెగ, వాహనయానం, ఈత, స్వారీ. పాఠకులు ఈ వరుసను మరొకసారి చదివి చూడవలెను. తీర విహారంలో మనం చేసేవి ఇంచుమించు ఇవే. తిన్న వెంటనే కారు ఎక్కుతాము, దిగిన వెంటనే ఎండలో ఇసుకపై నిలబడతాము, ఆపైన అలలలోకి దిగుతాము. శతాబ్దాల క్రిందటి ఆ ఆచార్యుడు మన బీచి రోడ్డును చూడలేదు. మనిషి పొట్టను చూచినాడు.

ఈతను గురించి ఇంకొక మాట. ఈ తీరంలో అలలు పైకి శాంతంగా కనిపించినా, క్రింద వెనుకకు లాగే ప్రవాహాలు ఉంటాయి. నిండు పొట్టతో, నిద్రమత్తుతో నీటిలో దిగడం వాంతులతో పోయే ప్రమాదం కాదు. హెచ్చరిక బల్ల ఉన్నచోట ఎవరూ దిగరాదు. తక్కినచోట్ల కూడా స్నానం భోజనానికి ముందే ముగియవలెను.

కాలం: వేసవిలో చేపల కోరిక

పిల్లలకు సెలవులు వేసవిలో కనుక విహారాలు కూడా వేసవిలోనే. అక్కడ చేపలు తినవలెనన్న ముచ్చట. గ్రీష్మ ఋతువులో దేహబలం, జఠరాగ్ని రెండూ మందగిస్తాయనీ, ఉప్పు, కారం, పులుపు తగ్గించి మధురంగా, ద్రవంగా, లఘువుగా భుజించవలెననీ ఋతుచర్యలో ఉన్నది. చేప గురువు, ఉష్ణం, కఫపిత్తాలను పెంచేది. దానికి కారం దట్టంగా పట్టించి, నూనెలో వేయించి, మే నెల మిట్ట మధ్యాహ్నం తినడం ఋతువుకు ఎదురు నడవడమే.

ఇందులో లోకానికి సంబంధించిన కారణం కూడా ఒకటి కలదు. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు, 61 రోజులు, మరపడవల వేటను నిషేధిస్తున్నారు. చేపలు గుడ్లు పెట్టి వృద్ధి పొందడానికి ఇచ్చే విరామం అది. ఆ రోజులలో చిన్న సంప్రదాయ పడవలు తెచ్చేది కొద్ది. మీ పళ్ళెంలోకి వచ్చిన పెద్ద చేప ఎన్నాళ్ళ క్రిందటిదో, ఏ మంచుగడ్డలో నిలువ ఉన్నదో అడిగి తెలుసుకోవలెను. వేడికి నిలువ చెడిన కానగంత, సూర వంటి చేపలలో పుట్టే దోషం వండినా పోదు. తిన్న కొద్దిసేపటికే ముఖం ఎర్రబారి, ఒళ్ళు దద్దుర్లు వేసి, గుండె దడ పుడుతుంది. కన్ను తేటగా, మొప్ప ఎర్రగా, వేలితో నొక్కితే కండ తిరిగి లేచేలా ఉన్న చేపనే వండించుకోవలెను. సముద్రమే విరామం తీసుకున్న కాలంలో మన నాలుక కూడా విరామం తీసుకోవడం మర్యాద.

హేమంత శిశిర ఋతువులలో జఠరాగ్ని బలంగా ఉంటుంది. గురుపదార్థాలను సహిస్తుంది. తుపానుల భయం తీరిన తరువాత, పుష్య మాఘ మాసాలలో వెళ్ళేవారికి ఈ తీరం ఎంతో హితంగా ఉంటుంది. అప్పుడు తేగలు కూడా దొరుకుతాయి. అవి పీచుగలవి, కడుపులో గట్టిగా నిలిచేవి. ఒకటి రెండు నమిలి తినవలెను, కట్టలు కట్టలుగా కాదు. ముంజెలు మాత్రం వేసవి సొత్తు. లేతవి, నీరు నిండినవి తినవలెను. ముదిరినవి కడుపునొప్పి తెస్తాయి.

సంయోగం: చేప మీద ఐస్ క్రీము

చేపలతో పాలు కలపరాదని చరకుడు సూత్రస్థానంలో స్పష్టంగా చెప్పినాడు. రెండూ మధురమే, రెండూ స్రోతస్సులను అడ్డగించేవే, కాని చేప ఉష్ణవీర్యం, పాలు శీతవీర్యం కనుక పరస్పర విరుద్ధాలు అని ఆయన కారణం కూడా చెప్పి ఉన్నాడు. ఐస్ క్రీము అనగా గడ్డకట్టిన పాలు, పంచదారే కదా.

చేపల మీద పాలు త్రాగితే బొల్లి వస్తుందని పిల్లలను భయపెట్టే వాడుక మనలో ఉన్నది. నేటి చర్మవైద్యులు ఆ సంబంధాన్ని అంగీకరించరు. బొల్లి దేహంలోని రక్షణశక్తి తన కణాలపైననే తిరగబడడం వలన కలుగుతున్నదని వారు చెబుతారు. కనుక ఆ పేరు చెప్పి ఎవరినీ బెదిరించనవసరం లేదు, బొల్లి ఉన్నవారిని నిందించడం అసలే తగదు. నేను చెప్పేది జీర్ణం మాట. మసాలా, నూనె, చేప కలిసిన బరువు భోజనం మీద చల్లని, తీయని, కొవ్వుగల పదార్థం పడితే జీర్ణశక్తి చల్లబడుతుంది. పిల్లలు ఐస్ క్రీము కోరితే, చేప తినని పూట, ఎండ చల్లబడిన తరువాత, అదొక్కటే కొద్దిగా ఇవ్వవచ్చును.

‘ఒక్క రోజే కదా’ అన్న మాట

‘ఏడాదికి ఒక్క రోజు, దానికి ఇంత విచారమా?’ అని అడిగేవారు ఉన్నారు. వారి మాటలో సత్యం లేకపోలేదు. ఆరోగ్యవంతుడైన యువకునికి ఒక రోజు అతిక్రమం మరునాటి ఉపవాసంతో సర్దుకుంటుంది. కాని ఆ కారులో యువకుడు ఒక్కడే లేడు. తాతగారు ఉన్నారు, అమ్మమ్మగారు ఉన్నారు, గర్భవతియైన కోడలు ఉన్నది, చంటిపిల్ల ఉన్నది. ఎనిమిది విచారాలలో చివరిది ‘తినేవాడు ఎవరు’ అన్నదే.

డెబ్బై దాటిన ఒక పెద్దమనిషి సంగతి చెబుతాను. గుండె బలహీనతకు ఆసుపత్రి మందులు వాడుతూ, ఉప్పు తగ్గించి, చక్కగా తిరుగుతున్నవారు. వాతానికి తైలం కోసం నా వద్దకు వస్తుండేవారు. కొడుకులు, కోడళ్ళు, మనుమలు ఎంతో ప్రేమతో ఆయనను తీర విహారానికి తీసుకువెళ్ళినారు. ‘తాతయ్యా, ఇది రుచి చూడండి, ఒక్క ముక్కే’ అని ఒక్కొక్కరు ఒక్కొక్క ముక్క పెట్టినారు. ఎండు చేప, రొయ్యల పచ్చడి, ఉప్పు చల్లిన మొక్కజొన్న. ప్రతి ఒక్కరూ పెట్టినది ఒక్క ముక్కే. ఆయన తిన్నది మాత్రం అందరి ముక్కలూ కలిసి. వద్దనడానికి మొహమాటం. అర్ధరాత్రి ఆయాసం వచ్చి, పడుకోలేక కూర్చుండిపోయినారు. వెంటనే ఆసుపత్రికి చేర్చినారు కనుక బ్రతికి బయటపడినారు. ఆ ఇంట్లో ఎవరిది తప్పు? ఎవరూ చెడు కోరలేదు. మన ఇళ్ళలో ప్రేమను చూపే మార్గం పెట్టడమే. పెట్టనివాడికి ప్రేమ లేదనుకుంటాము. ఆ రోగికి ఆనాడు కావలసిన ప్రేమ, ‘మీకు వద్దు నాన్నగారూ’ అని ముందుగానే ఒకరు గట్టిగా చెప్పడం. అజీర్ణానికి మందు ఉన్నది, మొహమాటానికి మందు లేదు.

మధుమేహం ఉన్నవారి సంగతి వేరు. వారికి అతిగా తినడం ఎంత ప్రమాదమో, మందు వేసుకుని సమయానికి తినకపోవడమూ అంతే. ‘ఇంకో పది నిమిషాలలో మంచి హోటలు’ అంటూ రెండు గంటలు జరిపితే చెమటలు పట్టి, వణుకు పుట్టి స్పృహ తప్పవచ్చును. వారి భోజన సమయం మీదనే ప్రయాణపు సమయాలు కట్టవలెను. చేతి సంచిలో పంచదారో బెల్లమో ఉండవలెను. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు కొబ్బరి నీటిని కూడా తమ వైద్యుని అడగకుండా త్రాగరాదు. ఎవరైనా సరే, వాడుతున్న మందులు విహారదినాన మానరాదు.

సోదరీమణులు చెప్పుకోలేని బాధ

తీర విహారాలలో స్త్రీలు నీరు త్రాగరు. కారణం అందరికీ తెలిసినదే, ఎవరూ పైకి చెప్పరు. దారిలో శుభ్రమైన మరుగుదొడ్డి ఎక్కడ ఉన్నదో తెలియదు. ఉదయం బయలుదేరినది మొదలు సాయంకాలం వరకు గొంతు తడుపుకుంటూ, వచ్చిన వేగాన్ని ఆపుకుంటూ గడుపుతారు. చరకుడు ఆపుకొనరాని వేగాలు పదమూడని చెప్పి, దానికొక అధ్యాయమే కేటాయించినాడు. మూత్రవేగం, మలవేగం, ఆకలి, దప్పిక, నిద్ర అందులోనివే. మూత్రాన్ని బిగబట్టడం వలన పొత్తికడుపులో నొప్పి, మూత్రకృచ్ఛ్రం, తలనొప్పి కలుగుతాయని అక్కడ ఉన్నది. ఎండలో, చెమటలో, నీరు లేక తిరిగి వచ్చి, మూడవ నాడు మంట, జ్వరంతో వచ్చే స్త్రీలను నేను ప్రతి వేసవిలోనూ చూస్తున్నాను.

కనుక గృహ యజమానులకు నా మనవి. మీ జాబితాలో మొదట వ్రాయవలసినది హోటళ్ళ పేర్లు కాదు, మరుగుదొడ్లు ఉన్న చోట్ల పేర్లు. రెండు గంటలకు ఒకసారి అట్టి చోట కారు ఆగవలెను. ఎవరూ అడగకుండానే ఆగవలెను. అది ఏర్పాటు కానప్పుడు ఎన్ని రుచులు చూపించినా ఆ ఇంటి ఆడవారికి అది విహారం కాదు, వ్రతం.

తొట్లకొండ మీద ఒక్క క్షణం

ఈ దారిలో తొట్లకొండ ఉన్నది. 1976లో నౌకాదళం వారి సర్వేలో బయటపడి, తరువాత పురావస్తు శాఖవారు త్రవ్వి చూపిన బౌద్ధారామం అది. ఇంచుమించు రెండువేల ఏండ్ల నాటిది. రాతిలో తొలిచిన నీటి తొట్ల వలననే కొండకు ఆ పేరు వచ్చినది. అక్కడ స్తూపాలు, విహారాలతోపాటు భిక్షువుల భోజనశాల అవశేషాలు కూడా బయటపడినవి. భిక్షువులకు మధ్యాహ్నం దాటిన తరువాత భోజనం లేదన్నది వారి వినయ నియమం. అదే సముద్రం, అదే గాలి, అదే ఆకలి. మనం భిక్షువులం కానవసరం లేదు. కాని ఆ భోజనశాల రాళ్ళ నడుమ వేరుశనగ పొట్లాలు విప్పుతున్నప్పుడు, తినడానికి ఒక వేళ ఉన్నదన్న సంగతి జ్ఞాపకం వస్తే చాలును. పొట్లం కాగితాలు, సీసాలు అక్కడ గాని, ఎర్రమట్టి దిబ్బల మీద గాని వదలరాదని వేరుగా చెప్పనక్కరలేదు.

నేను సూచించే దినచర్య

ఉదయం ఆరు గంటలకు, కాలకృత్యాలు తీరిన తరువాతనే బయలుదేరవలెను. ఏడు, ఎనిమిది మధ్య వేడి ఇడ్లీగాని, అల్లం వేసిన పెసరట్టుగాని, ఆకలిలో సగానికి మించకుండా తినవలెను. ఎండ ముదరకముందే తొట్లకొండ, ఎర్రమట్టి దిబ్బలు చూడవలెను. దాహానికి కాచి చల్లార్చిన నీరు ఇంటి నుండి తెచ్చుకొనుట మేలు. దారిలో ఒక కొబ్బరి బొండమో, రెండు ముంజెలో చాలును.

పన్నెండున్నరకు భీమిలిలో భోజనం. ఇదే ఆనాటి ముఖ్యభోజనం. చేప తినదలచినవారు ఇక్కడే, ఒక్క విధంగా వండినదే తినవలెను. వేపుడు కంటే పులుసు మేలు. నల్లబడిన నూనె బాణలి కనిపించినచోట అసలే తినరాదు. పొట్టలో రెండు పాళ్ళు అన్నం, ఒక పాలు ద్రవం, ఒక పాలు గాలికి ఖాళీ అన్న లెక్క మరువరాదు. శాకాహారులు చివర పలుచని మజ్జిగలో శొంఠి, వేయించిన జీలకర్ర పొడి కలిపి త్రాగితే సుఖంగా జీర్ణమవుతుంది. భోజనం తరువాత వంద అడుగులు నీడలో నడచి, ముప్పావు గంట విశ్రమించవలెను. డ్రైవరుకు కూడా అదే వేళకు అదే భోజనం, అదే విశ్రాంతి ఇవ్వవలెను. అతడు ఆకలితో ఉన్నా ప్రమాదమే, బరువుగా తిని కునుకుతున్నా ప్రమాదమే.

సాయంకాలం నాలుగున్నర తరువాత సముద్రపు ఒడ్డు. ఆకలి అయితే మురీ మిక్చరు, లేనిచో ఏమీ వద్దు. రాత్రి ఇంటికి వచ్చి పెసరకట్టుతో కొద్ది అన్నంగాని, జావగాని తీసుకొనవలెను. హల్వా మరునాటికి పాడు కాదు.

కారులో తల త్రిప్పేవారు చిన్న ఏలక్కాయ నోట పెట్టుకొనవచ్చును. కడుపు బరువుగా ఉంటే గోరువెచ్చని నీటితో చిటికెడు వాము నమలవచ్చును. విరేచనాలు ఆగకున్నా, రక్తం పడినా, జ్వరం తగిలినా, ఛాతీలో బరువు, ఆయాసం తోచినా ఇంటి వైద్యంతో కాలం గడపక వెంటనే ఆసుపత్రికి చేర్చవలెను.

ఇంతకూ పాఠకులు ఈ వ్యాసం నుండి ఒక్క అలవాటు తీసుకుంటే నాకు తృప్తి. కారు ఆగిన ప్రతిచోటా దిగేముందు, అందరినీ పేరుపేరునా ‘ఆకలిగా ఉన్నదా?’ అని అడగండి. ‘రుచి చూస్తాను’ అన్నది జవాబు కాదు. ఆకలి అన్నవారికి పెట్టండి. లేదన్నవారిని వదలివేయండి, బలవంతం చేయకండి. కూర్చుని సముద్రాన్ని చూడనివ్వండి. దానిని ఎంతసేపు చూచినా అజీర్ణం చేయదు.